మా షెడ్డు ట్యూబ్‌లైటు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నాలుగడుగుల ట్యూబ్‌లైటు గారి సముఖానికి,

బెజవాడ ఆటోనగర్‌లో లేతు పని చేసుకుని బతికే ఒక టర్నరు నమస్కరించి వ్రాసుకునేది ఏమనగా: ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమంగా లేరని తెలుసు, తమర్ని కిందకి దించింది నేనే గనక. తమరూ, తమ అన్నదమ్ములు పదకొండు మందీ ప్రస్తుతం డ్రిల్లింగ్ మెషీను వెనక మూలన, పాత బనియను గుడ్డలు చుట్టుకుని నిలబడి ఉన్నారు. రెండడుగులు వేస్తే ముఖాముఖి మాట్లాడొచ్చు. కానీ ముప్పై ఏళ్ళు నెత్తిన పెట్టుకున్న వాళ్ళతో కొన్ని మాటలు ఎదురుగా అనలేం. పైగా ఏ సంగతైనా తమకి వెంటనే ఎక్కదని ఊరంతా అంటుంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. నాలుగైదు సార్లు మిణుకు మిణుకుమని, స్థిమితపడ్డాక చదువుకోండి.

ముందు మేం చేసినవి చెప్పుకుంటాను. చేసిన మేలు చెప్పుకోకూడదంటారు గానీ, తమరు ఒక్కసారైనా ఒప్పుకుని ఉంటే నేనూ చెప్పుకునేవాణ్ణి కాను.

1991లో మా నాన్న ఈ రేకుల షెడ్డు వేసినప్పుడు లేతు కంటే ముందు లోపలికొచ్చింది తమరే. అప్పుడు తమరు ఒకటిన్నర అంగుళం లావున, 40 వాట్లతో బొద్దుగా ఉండేవారు. తర్వాత సన్నబడి 26 మిల్లీమీటర్లకి, 36 వాట్లకి దిగారు. సరే, వయసుతో పాటు అందరూ లావెక్కుతుంటే తమరు చిక్కారు, సంతోషం. ఏటా దసరా ఆయుధపూజకి లేతుకీ గ్రైండరుకీ బొట్టు పెట్టినప్పుడు, స్టూలు వేసుకుని ఎక్కి తమ ఫ్రేములకీ పసుపూ కుంకుమా పెట్టాం. నెలకోసారి కిరసనాయిలు గుడ్డతో తమ ఒళ్ళు తుడిచాం, పసిబిడ్డకి నీళ్ళు పోసినట్టు, రెండు చేతులా పట్టుకుని. తొలకరి పడగానే ఉసుళ్ళు తమని కమ్ముకుంటే, నూనె రాసిన కాగితం తమ పక్కన వేలాడదీసి కాపాడాం. పొద్దున్నే రెక్కలు ఊడ్చుకున్నదీ మేమే. తమ వెనక ఒక బల్లి కుటుంబం మూడు తరాలు కాపురం చేసింది. అద్దె అడగలేదు.

ఇంత చేస్తే, తమరు ఒక్కనాడైనా పిలవగానే పలికారా?

సాయంత్రం ఆరున్నరకి స్విచ్ వేస్తే, కాలనీ అంతా టీవీలూ మోటార్లూ పెట్టే వేళ గనక ఓల్టేజీ పడిపోయి ఉండేది. తమరు రెండు చివర్లా ఎర్రగా చూసి, ఒక తళుకు తళుక్కుమని, మళ్ళీ ఆలోచనలో పడేవారు. పార్టీ గుమ్మంలో నిలబడి ఉంటాడు, షాఫ్టు చేతిలో ఉంటుంది, తమరు మాత్రం పంచాంగం చూసుకుంటున్నట్టు ఉండేవారు. అప్పుడు మా నాన్న చెక్క స్టూలు లాక్కుని, స్విచ్ ఆపి, ఎక్కి, తమ పక్కనున్న ఆ అగ్గిపెట్టెంత స్టార్టరుని రెండు వేళ్ళతో సగం చుట్టు తిప్పేవాడు. దిగి స్విచ్ వేసేవాడు. కొన్నిసార్లు అది చాలేది. కొన్నిసార్లు తమ ఒంటిని పొడుగునా చేత్తో నిమరాల్సి వచ్చేది. వెలగడానికి బుజ్జగింపులు కావాల్సిన దీపాన్ని నేను మరొకదాన్ని చూడలేదు.

ఆ స్టార్టరు గారి సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తాను. లోపల రెండు లోహాలు అతికిన పట్టీ ఒకటి. వేడికి వంగి అంటుకుంటుంది, చల్లారి విడిపోతుంది. విడిపోయిన ఆ క్షణంలో చోకు ఒక్క తన్ను తన్నితే తమరు నిద్ర లేస్తారు. అంటే తమని లేపడానికి ఇద్దరు నౌకర్లు. విచిత్రమేమిటంటే, ఒకసారి లేచాక స్టార్టరుతో తమకి పనే లేదు. పీకేసినా వెలుగుతూనే ఉంటారు. అది కనిపెట్టాక కరువు రోజుల్లో మేం ఒక్క స్టార్టరుతో నాలుగు ట్యూబులు వెలిగించాం. ఒకదాన్ని లేపడం, పీకడం, పక్కదానికి పెట్టడం. తెలివిగానే చేశామనుకున్నాం గానీ, అప్పట్నుంచి మా నాన్న రేడియోలో ఆకాశవాణి విజయవాడ కేంద్రానికి బదులు గరగర మొదలైంది. ఆ డబ్బాలో ఒక చిన్న కండెన్సరు ఉంటుందనీ, తమ గోల రేడియోకి ఎక్కకుండా అడ్డుపడేది అదేననీ చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. తెలిసేదాకా నాన్న వార్తలు చదివే వాళ్ళ గొంతు బాగోలేదనుకున్నాడు.

ఇక చోకు. తమ నుదుటి మీద 40 అని రాసుకున్నారు. నమ్మాం. తమ వెనకాల ఫ్రేములో దాక్కుని ఆ రాగి చోకు ఇంకో పన్నెండు, పదమూడు వాట్లు మింగుతోందని ఎక్కడా రాయలేదు. మింగినది వెలుగుగా కాదు, సెగగా కక్కేది. మే నెలలో బెజవాడ రేకుల షెడ్డులో అదనపు సెగ కావాలని మేం ఎవరం అర్జీ పెట్టుకోలేదు. ఎండలు ముదిరితే దాని లోపలి తారు కరిగి చుక్కలు చుక్కలుగా కింద పడేది. ఒకసారి పార్టీ ఇచ్చిన డ్రాయింగు మీద, సరిగ్గా కొలత రాసిన చోట పడింది. అక్కడున్నది 6 అనుకుని చేశాం, 8 అట. ఆ గేరు బ్లాంకు ఇప్పటికీ తలుపుకి అడ్డంగా పెట్టుకుంటున్నాం. ఇక దాని జుయ్‌మనే రాగం గురించి ఫిర్యాదు లేదు. లేతు నడుస్తున్నంతసేపూ వినపడదు. ఆపాకే వినపడేది. ఇంటికెళ్ళి పడుకున్నా చెవిలో అదే.

మా పక్క షెడ్డు లారీ బాడీలకి పెయింటు వేసేవాళ్ళది. వాళ్ళ తరఫున కూడా ఒక ముక్క. ఆయన ఒకనాటి రాత్రి తమ వెలుగులో క్యాబిను డోరుకి ఎరుపు కలిపి, పాత ఎరుపుతో సరిపోయిందని తృప్తిగా పడుకున్నాడు. పొద్దున ఎండలో చూస్తే డోరొకటి, క్యాబినొకటి. డోరు ఇటుకరాయి రంగులో ఉంది. తమ గొట్టం లోపల పూసిన పాతరకం పొడికి ఎరుపంటే పడదు. నీలం, పచ్చ దండిగా ఇచ్చి ఎరుపు దగ్గర పిసినారితనం చూపిస్తుంది. మంచిరకం పొడి పూసిన తమ బంధువులు ఉన్నారు, ఖరీదెక్కువ, వాళ్ళు మా దాకా రాలేదు. అప్పట్నుంచి ఆయన రాత్రిపూట ఎరుపు కలపడం మానేశాడు. పెళ్ళిచూపులకి కూడా పగలే వెళ్ళాలని కొడుక్కి చెప్పాడట.

ఇవన్నీ చిల్లర తగాదాలు. అసలు సంగతికి వస్తున్నాను, ఇక్కడ నా మర్యాద కాస్త తగ్గినా తమరు మన్నించనక్కర్లేదు.

తమరు వెలుగుతున్నట్టు నటిస్తారు. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ప్రతి ఊగులో రెండుసార్లు సున్నాకి దిగుతుంది. దిగినప్పుడల్లా తమరు మందగించి, మళ్ళీ తెప్పరిల్లుతారు. అంటే సెకనుకి 100 సార్లు. గుండు బల్బుకీ అదే కరెంటు, కానీ దాని తీగ ఎర్రగా కాలి ఉంటుంది గనక, చల్లారే లోపే మళ్ళీ కాలుతుంది. తమకి ఆ వేడి లేదు. మామూలు ఇంట్లో ఇది ఎవరికీ పట్టదు. తిరిగే యంత్రాల మధ్య పడుతుంది.

లేతుకున్న త్రీ జా చక్కు నిమిషానికి 1000 చుట్లు తిరుగుతుంటే, తమ రెండు తళుకుల మధ్య సరిగ్గా ఆరో వంతు చుట్టు తిరుగుతుంది. అప్పుడు చక్కుకి మూడు దవడలు కాదు, నీడల్లాంటి ఆరు దవడలు కనపడతాయి. ఆరూ కదలకుండా నిలబడి ఉంటాయి. గ్రైండరు రాయి మీద సుద్దగీత పెడితే, అది రెండు గీతలై, రాయి తిరిగే వైపుకి కాకుండా నెమ్మదిగా వెనక్కి నడుస్తుంది. చిన్నప్పుడు అది చూసి ముచ్చటపడేవాణ్ణి. స్నేహితుల్ని పిలిచి చూపించేవాణ్ణి కూడా.

ఒక వానాకాలం సాయంత్రం, పక్క షెడ్లలో రేకుల మీద సుత్తి దెబ్బలు మోగిపోతుంటే, మోటారు చప్పుడు ఎవరికీ వినపడని వేళ, కొత్తగా పనిలో చేరిన కుర్రాడు చక్కు ఆగిందనుకున్నాడు. తుడుద్దామని కాటన్ వేస్టు పట్టుకుని చెయ్యి చాపాడు. వేస్టుని చక్కు లాక్కుంది. చేతిని వాడు లాక్కున్నాడు. అంతే జరిగింది. వాడు ఆ రోజు టీ తాగలేదు. మా నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు. తమరు మాత్రం పైన తెల్లగా, ఏమీ ఎరగనట్టు వెలుగుతూనే ఉన్నారు. కళ్ళకి శ్రమ, ప్రమాదం కలిగించేలా కళ్ళు జిగేల్మనే వెలుగూ నీడలూ ఉండకూడదని అప్పట్లో అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 17వ సెక్షను రాసి పెట్టింది. మాది అంత పెద్ద ఫ్యాక్టరీ కాదు. నలుగురం. వేళ్ళు మాత్రం మాకూ పదే.

మర్నాడే నాన్న ఎలక్ట్రీషియన్ని పిలిపించాడు. ఆయన మంచి ఉపాయమే చెప్పాడు. షెడ్డులో మోటార్ల కోసం ఎలాగూ త్రీ ఫేజు ఉంది. తమ మూడు వరసల్నీ ఒక్కో వరస ఒక్కో ఫేజుకి వేశాడు. ఒక వరస మందగించినప్పుడు మిగతా రెండూ వెలుగుతాయి, మోసం ముగ్గురి మధ్యా పంచుకుపోతుంది. లేతు మీద విడిగా ఒక గుండు బల్బు కూడా వేలాడదీశాడు. చూడండి, తమ అబద్ధాన్ని సర్దుకోవడానికి మేం ఎంత వైరు వాడామో. మూడో వరస స్విచ్చు కూడా ఆ రోజే మార్చారు. అది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇంతకీ తమని దించడానికి ఇన్నేళ్ళెందుకు పట్టిందని అడగొచ్చు. నీలం వెలుగిచ్చే ఎల్ఈడీని కనిపెట్టిన అకాసాకి, అమానో, నకమురా గార్లకి 2014లో నోబెల్ వచ్చింది. 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలై ఎల్ఈడీ బల్బులు ఇంటింటికీ చేరాయి. హుద్‌హుద్ తుఫాను కొట్టుకెళ్ళిన వైజాగ్ వీధి దీపాల స్థానంలోనూ అవే వచ్చాయి. మా ఇంట్లో దేవుడి గదిలో కూడా వచ్చాయి. షెడ్డులో మాత్రం తమరే. నాన్న ఉన్నన్నాళ్ళూ ఆయన ఒప్పుకోలేదు. “వాటికి స్టార్టరుండదు, పాడైతే తిప్పడానికి ఏముంటుందిరా?” అనేవాడు.

ఆయన పోయిన ఏడాదికి లెక్క వేశాను. చోకుతో కలిపి తమరు 48 వాట్లు, కొత్తాయన 20. ట్యూబుకి 28 మిగులు. పన్నెండు ట్యూబులు, రోజుకి పది గంటలు, ఏడాదికి 300 రోజులు: 1000 యూనిట్లు దాటింది. యూనిట్టుకి ఎనిమిది రూపాయలు వేసుకున్నా ఎనిమిది వేల పైచిలుకు. ముప్పై ఏళ్ళకి లెక్క వేద్దామని మొదలుపెట్టి ఆపేశాను. బీపీ మాత్ర వేసుకునే మనిషిని.

మొదట కక్కుర్తిపడి చవకరకం రెండు తెచ్చాను. వేసి, సెల్‌ఫోను కెమెరాలో చూస్తే తెరంతా నల్లటి చారలు పాకుతున్నాయి. వెలుగులో ఇనుప కడ్డీ ఊపితే విసనకర్ర పుల్లల్లా విడివిడిగా కనపడింది. లోపల సరైన డ్రైవరు లేకపోతే వాళ్ళదీ తమ జబ్బే, ఇంకా మొండిది. వెనక్కిచ్చేసి, చారలు రానివి ఏరి తెచ్చాను. కాబట్టి కొత్తవాళ్ళని నెత్తికెక్కించుకుని తమని తిడుతున్నానని అనుకోకండి. వాళ్ళ వెలుగు కిందకే పడుతుంది. తమరు నలుదిక్కులా చిమ్మేవారు, సగం రేకులకే పోయేది. ఇప్పుడు షెడ్డు పైభాగం చీకటి గుహ. దూలాల మీద బూజు కనపడటం మానేసింది. మా ఆవిడ దీన్ని ఎల్ఈడీ గుణాల్లో మొదటిదిగా చెబుతోంది. బల్లులు మాత్రం ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాయి.

మార్చే రోజు మెయిను కట్టేసి, టెస్టరు పెట్టి చూసుకుని, మా బావమరిదీ నేనూ కూర్చున్నాం. వాడు ఐటీఐ ఎలక్ట్రీషియను. పని చిన్నదే. స్టార్టరు పీకెయ్యాలి, చోకుని దారిలోంచి తప్పించాలి, మేం తెచ్చిన రకానికి ఒక చివర హోల్డరుకే ఫేజూ న్యూట్రలూ రెండూ ఇవ్వాలి. తమ హోల్డర్లు పసుపుపచ్చబడి, ముట్టుకుంటే సున్నుండల్లా పొడైపోయాయి, అన్నీ కొత్తవి వేయాల్సి వచ్చింది. పని అయ్యాక ప్రతి ఫ్రేము మీదా “ఎల్ఈడీ మాత్రమే” అని పెయింటుతో రాయించాను. ఎప్పుడో ఎవరో తెలియక తమని మళ్ళీ తెచ్చి ఇందులో పెడితే, చోకు అడ్డు లేని 230 ఓల్టులు తమ ఫిలమెంటు మీదికి ఒక్కసారిగా వస్తాయి. ఢామ్మంటారు. అదీ నేను తమ మేలు కోరే రాయించాను, కింద నిలబడ్డవాడి మేలుతో పాటు.

ఆ రాత్రి స్విచ్చులన్నీ ఆపి షట్టరు దించబోతూ వెనక్కి తిరిగి చూశాను. రెండు వరసలు ఆరాయి. మూడో వరస నాలుగూ ఆరలేదు. తెల్లవారుజామున కొండెక్కబోయే ప్రమిదల్లా మసకగా, నిశ్శబ్దంగా వెలుగుతున్నాయి.

బావమరిది స్టూలెక్కి, స్విచ్ ఆపి ఉన్న ఫ్రేముకి టెస్టరు పెట్టాడు. టెస్టరు వెలిగింది. కాసేపు ఏమీ అనలేదు. దిగి, స్విచ్‌బోర్డు విప్పి చూపించాడు. మూడో వరస స్విచ్చు ఫేజు మీద లేదు, న్యూట్రలు మీద ఉంది. స్విచ్ ఆపితే దీపం ఆరుతుంది గానీ, కరెంటు దీపం దాకా వచ్చి కూర్చునే ఉంటుంది. ఆ కాస్త చాటుమాటు కరెంటుకి తమరు లేవరు, తమకి చోకు తన్ను కావాలి కదా. ఎల్ఈడీకి ఆ మాత్రం చాలు. వచ్చిన మొదటి రాత్రే చెప్పేశాడు.

అంటే ఇన్నేళ్ళూ మా నాన్న స్విచ్ ఆపానన్న ధైర్యంతో స్టూలెక్కి, స్టార్టరు మీద వేళ్ళు పెట్టి తిప్పిన ప్రతిసారీ, అక్కడ ఫేజు ఉంది. ఎప్పుడైనా జిల్లుమంటే చెయ్యి విదిల్చి నవ్వేవాడు. “పాత కరెంటు ఇంకా మిగిలుంటుందిరా, కాసేపాగి ముట్టుకోవాలి” అని మాకు నేర్పేవాడు. మేం కాసేపాగి ముట్టుకునేవాళ్ళం. కాపాడింది ఆ చెక్క స్టూలు.

తప్పు వైరు వేసినవాడిదని బావమరిది అన్నాడు. నిజమే. ఆయనిప్పుడు లేడు, తిట్టడానికి వీల్లేదు. తమరు ఉన్నారు. తమ చివరలోనే ఫేజు కూర్చుందని తమకి తెలుసు. నాన్న వేళ్ళు తమ పక్కనే ఉన్నాయని తెలుసు. ఒక్కసారి, ఆరినప్పుడు కాస్త మసకగా మినుక్కుమని ఉంటే సరిపోయేది. అక్కర్లేనప్పుడు అన్నిసార్లు మినుక్కుమన్నారు గదండీ.

ఇప్పుడు తమని ఎక్కడికి పంపాలో తెలియక ఆగాను. చోకులు పన్నెండూ పాత ఇనుప కొట్టులో తూకానికి పోయాయి, రాగి ఉంది గనక ఆయన మర్యాదగా పుచ్చుకున్నాడు. తమని చూపిస్తే రెండు చేతులూ జోడించాడు. చెత్తబండి అబ్బాయి పొడిచెత్తలో పడెయ్యమన్నాడు. తమ కడుపులో కాస్తంత పాదరసం ఉంది. ఆ పాదరసం ఆవిరే అతినీలలోహిత కాంతి పుట్టిస్తే, లోపలి పొడి దాన్ని తెలుపు చేస్తుంది. తమ బతుకంతా ఆ చుక్క మీదే. కానీ అదే పాదరసం కలిసిన వ్యర్థాలు సముద్రంలోకి వదిలితే జపాన్‌లో మినమాటా ఊరు ఏమైందో లోకానికి తెలుసు. ఆ ఊరి పేరనే ఒప్పందం రాసుకున్నారు. మన దేశం 2018లో చేరింది. 2023 చివర్లో జెనీవాలో కూర్చుని, తమ పాతరకం పొడి వాళ్ళ తయారీ, ఎగుమతి, దిగుమతులు 2026తో, మంచిరకం వాళ్ళవి 2027తో ఆపాలని తేల్చారు. వంశం మొత్తానికే తిథి పెట్టేశారన్నమాట. 2016 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల్లోనూ తమ పేరు ఎక్కింది. కంప్యూటర్ల పక్కన చోటిచ్చారు, గొప్పే.

ఆ సంగతులేవీ తెలియని రోజుల్లో, కడ్డీ తగిలి తమలో ఒకరు పగిలితే మేం చీపురుతో ఊడ్చి, ఆ తెల్లపొడిలోనే నిలబడి తుమ్ముతూ పని చేశాం. షట్టర్లు తీసి, పావుగంట బయటికి పోయి, చీపురు ముట్టకుండా అట్టముక్కతో ఎత్తి మూటగట్టాలని ఇప్పుడు తెలుసు. అందుకే గుడ్డలు చుట్టింది. చలికి కాదు.

ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్ళని కనుక్కున్నాను. పన్నెండు మందికోసం బండి పంపరట, పక్క షెడ్ల వాళ్ళవీ కలిపి వందయితే వస్తారట. పెయింటాయన ఇరవై ఇస్తానన్నాడు. వెల్డింగు షెడ్డాయన ఆలోచించుకుని చెప్తానన్నాడు. ఆయనా తమ బాపతే, సాయంత్రానికి గానీ వెలగదు. అందాకా కదలకండి, పగలకండి.

ఇట్లు,
ఇన్నాళ్ళూ తమ స్టార్టరు తిప్పిన విధేయుడు

తా.క.: సంక్రాంతి దగ్గరపడింది. నిన్న వీధి పిల్లలు ముగ్గురు వచ్చి, మాంజాకి గాజుపొడి కావాలి, మూలనున్నవి ఇస్తారా అంకుల్ అని అడిగారు. చిన్నప్పుడు నేనూ అలాగే అడిగి, తమ పెద్దాయన్ని ఒకర్ని తీసుకెళ్ళి రోట్లో వేసి దంచాను. పిల్లలకి దారపు రీలు కొనుక్కోమని డబ్బులిచ్చి పంపాను. డ్రిల్లింగ్ మెషీను వెనక కిటికీకి మేకులు కొట్టాను.